మూడో గిన్నె

పోయిన వారం మనం బొమ్మలాయన్ని చేతిలో గుండీతో బల్ల ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అలాగే నిలబడి ఉన్నాడు. కాళ్ళు పీకుతూ ఉంటాయి. అయినా ఇంకాసేపు ఓర్చుకోమందాం. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి ఎక్కడున్నామో చెప్పాలి కదా.

పిట్ట ఫోను ఒకప్పుడు ఎంత వెలుగు వెలిగిందంటే, జనం చొక్కా జేబులు పలచటి గుడ్డతో కుట్టించుకునేవాళ్ళు, ఫోను వెనకున్న పిట్ట గుర్తు బయటికి కనపడాలని. ఇప్పుడు ఆ ఫోను ఉన్నవాళ్ళు దాన్ని బల్ల మీద వెల్లకిలా పెడతారు, పిట్ట ఎవరి కంటా పడకూడదని. కాలం అంతే. భుజాల మీద ఎక్కించుకుని ఊరేగిస్తుంది, దింపేటప్పుడు మాత్రం చెప్పకుండా వంగుతుంది. రోడ్డుకి అవతల అద్దాల కంపెనీ లేచింది. దానికి ఏటా కొత్త ఫోను, సందు సందుకీ దాని బొమ్మ. ఇవతల పిట్ట కంపెనీలో ఒక్కో గదికీ తాళం పడుతూ వచ్చింది.

కంపెనీ పెట్టిన పెద్దాయన పోయాక పగ్గాలు ఆయన కూతురు చిన్నమ్మగారి చేతికి వచ్చాయి. ఆవిడ పొద్దున్నే అందర్నీ హాల్లోకి పిలిచి ఒకే మాట చెప్పింది. "ఇవాళ గుండీల పంచాయితీలో మన కొత్త ఫోను నెగ్గితే తయారు చేద్దాం. ఓడితే ఇక ఫోన్లు చెయ్యం. పిట్ట పేరు ఛార్జర్లవాళ్ళకి అద్దెకిచ్చేస్తాను." ఆ ఛార్జర్లవాళ్ళు పక్క గదిలో టీ తాగుతూ కూర్చున్నారు కూడా. రోగి ఇంకా మాట్లాడుతుండగానే పాడె కట్టేవాళ్ళు వరండాలో దిగినట్టు.

గుండీల పంచాయితీ పెద్దాయన పెట్టిన పద్ధతి. కొత్త ఫోను బజారుకి వెళ్ళేముందు దాన్నీ, పోటీవాళ్ళ ఫోన్లనీ కలిపి వరసగా నిలబెడతారు. ఒక్కోదానికీ పెద్దాయన భార్య కుట్టిన నల్లగుడ్డ తొడుగు. తెరా, కెమెరా కన్నూ తప్ప ఇంకేం కనపడవు. ఏది ఎవరిదో తొడుగులు వేసిన యజమానికి తప్ప ఎవరికీ తెలియదు. అందుకే గుండీలన్నీ పడేదాకా యజమాని కిటికీ వైపు తిరిగి కూర్చోవాలి, మొహం చూసి ఎవరూ గుట్టు పట్టకుండా. అన్ని ఫోన్లూ ఒకే మనిషిని ఫోటో తీస్తాయి. కంపెనీవాళ్ళు ఆ ఫోటోలు చూసి, నచ్చినదాని ముందున్న గిన్నెలో చొక్కా గుండీ ఒకటి వేస్తారు. పడ్డ గుండీ మళ్ళీ తీయకూడదు. "మన బిడ్డ ఏదో తెలిస్తే దాన్నే ముద్దు చేస్తాం. తెలియకుండా ముద్దొచ్చేదే నిజమైన బిడ్డ" అనేవాడు పెద్దాయన.

ఇక బొమ్మలాయన. పిట్ట ఫోనుకి కెమెరా పని మొదటినించీ అతని చేతిమీదే నడిచింది. ఫోటోలో మొహం తేటగా వచ్చి, వెనకున్న గోడ మసకబారాలంటే, మొహం ఎక్కడ అయిపోయి గోడ ఎక్కడ మొదలవుతుందో ఫోనుకి తెలియాలి. పిల్లలకి అక్షరాలు దిద్దించినట్టు వేలకొద్దీ మొహాలు చూపించి దానికి దిద్దించాలి. ఆ రోజుల్లో మొహాలు అద్దెకి తెచ్చే తాహతు లేదు. అందుకని బొమ్మలాయన సొంత చెల్లెల్నే తెచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాడు. అటు తిరుగు, ఇటు తిరుగు, నవ్వు, నవ్వకు. అలా ఏళ్ళు కూర్చుంది. కంపెనీలో ఆవిడకి మోడలమ్మ అని పేరు పడిపోయింది.

ఆ మోడలమ్మకి ఎడమ చెవి పక్కన ఒక ముంగురు ఉంది. ఎంత దువ్వినా అణగదు. ఫోను దాన్ని కూడా పాఠంలో భాగమనుకుంది. అప్పణ్ణించీ పిట్ట ఫోనులో ఎవరిని ఫోటో తీసినా, ఆడా మగా, చివరికి బోడిగుండైనా సరే, ఎడమ చెవి పక్కన పొగలాంటి సన్నటి ముంగురు మొలుస్తుంది. పరాయివాళ్ళ కంటికి ఆనదు. కంపెనీవాళ్ళు మాత్రం దూరాన్నుంచే పట్టేస్తారు. పిట్ట ఫోనులో మొహాలకి ఒక కళ ఉంటుందని జనం మెచ్చుకునేవాళ్ళు, ఆ కళ తమకి రావడం లేదని అద్దాల కంపెనీవాళ్ళు తలలు బాదుకునేవాళ్ళు. బొమ్మలాయనకి మాత్రం ఆ మెచ్చుకోళ్ళేవీ చెవికెక్కేవి కావు. ఆ ముంగురొక్కటే కంట్లో నలుసు. ఎన్నిసార్లు తుడిచినా పోలేదు.

అలాంటి నలుసు ఇవాళ ప్రాణం కాపాడబోతోంది. టీ దగ్గర బ్యాటరీల విభాగం చూసే బ్యాటరీ అక్క ఆ ఉపాయం చెప్పింది. ఆవిడ నోటికి ఛార్జింగ్ అక్కర్లేదని అందరూ అంటారు.

"తొడుగు వేస్తే మాత్రం మన పిల్లని మనం పోల్చుకోలేమా గురూగారూ? చెవి పక్కన మీ చెల్లి వెంట్రుక కనపడితే అదే మనది. కళ్ళు మూసుకుని గుండీ వేసెయ్యడమే. తర్వాత బతికి బట్టకడితే అప్పుడు నీతులు చెప్పుకుందాం."

బొమ్మలాయన మొదట కుదరదన్నాడు. తర్వాత తల గోక్కున్నాడు. ఆ తర్వాత వెంట్రుక ఎలా పోల్చాలో అతనే ఒక్కొక్కళ్ళకీ నేర్పాడు.

ఇదిగో, ఇక్కడున్నాం. ఇక గుండీ పడనిద్దాం.

*

బల్ల మీద ఫోన్లన్నిట్లోనూ కంపెనీకి కాపలా కాసే గేటు తాతే ఉన్నాడు. ఇటుక గోడ ముందు స్టూలు మీద కూర్చుని, నున్నటి గుండుతో, లోకం మీద అలిగినట్టు మూతి బిగించి. ఆయన్నే ఎందుకు కూర్చోబెట్టారంటే బోడిగుండు మీద వెంట్రుక బాగా తెలుస్తుందని. అదీ బ్యాటరీ అక్క సలహాయే.

బొమ్మలాయన మొదటి ఫోను ముందు ఆగాడు. ఆగి, కదల్లేకపోయాడు.

గేటు తాత అందులో ప్రాణంతో ఉన్నాడు. గడ్డం మీది తెల్ల మొలకలు దేనికవి విడిగా ఉన్నాయి. చెవి తమ్మె దగ్గర మొహం ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, గోడ ఎక్కడ మొదలవ్వాలో అక్కడ మొదలైంది. మధ్యలో కత్తి దూరే సందు లేదు. తన జీవితమంతా ఎలాంటి ఫోటో తియ్యాలని పాకులాడాడో సరిగ్గా అదే. ఎవడి చేతిపనో గానీ, వాడి చెయ్యి చల్లగుండ, వాడి ఇల్లు కూల. రెండూ ఒక్కసారే అనిపించాయి అతనికి. అసూయ అంటే కడుపులో మంట అంటారు గాని, ఆ క్షణాన అతనికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ముంగురు లేదు. అంటే మనది కాదు.

రెండో ఫోనులో తాత ప్లాస్టిక్ బొమ్మలా మెరుస్తున్నాడు. మూడో ఫోను దగ్గరికి వచ్చాడు. ఎడమ చెవి పక్కన, నున్నటి గుండు అంచున, పొగలాంటి ముంగురు. చెల్లెలి ముంగురు.

"అమ్మయ్య" అనుకున్నాడు లోపల. సిగ్గేసింది కూడా. మొదటిదాని పక్కన పెడితే ఇది వెలవెలబోతోంది. అయినా మనది మనదే. గుండీ వేళ్ళ మధ్యనుంచి జారి మూడో గిన్నెలో టంగుమంది.

వెనకాల వరసలోవాళ్ళు గబగబా వచ్చారు. టంగు, టంగు, టంగు. నాలుగో ఫోను వైపు ఒక్కళ్ళూ వెళ్ళలేదు. గుండీల డబ్బా పట్టుకుని బల్ల చివర నిలబడ్డ మోడలమ్మ, చివరి గుండీ తనే వేయాలి కాబట్టి, వచ్చి మూడో గిన్నె ముందు ఒక్క క్షణం ఆగింది. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైకి తోసుకుంది. స్టూలు మీద కూర్చోవడం మానేశాక ఆవిణ్ణి ప్యాకింగులో వేశారు. పెట్టెల మీది చిన్నచిన్న అంకెలు చదివీ చదివీ ఈమధ్యే కళ్ళజోడు వచ్చింది. ఏమైందో, గుండీ గిన్నె అంచుకి తగిలి, లోపలికే పడింది.

"అయిపోయిందమ్మా, తిరగండి" అన్నాడు గేటు తాత.

చిన్నమ్మగారు కుర్చీ తిప్పింది. బల్ల వైపు చూసింది. మొదటి గిన్నె చూసింది, మూడో గిన్నె చూసింది, మళ్ళీ మొదటి గిన్నె వైపే చూసింది, చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు వేసిన మనిషిలా.

"అందరూనా?"

నెగ్గామన్న సంతోషంలో ఆవిడ గొంతు ఎవరికీ వినపడలేదు. బొమ్మలాయన మాత్రం మీసం కింద నవ్వు దాచుకుంటున్నాడు.

"మనస్ఫూర్తిగానే వేశారా అందరూ?"

"మనసుతో కాకపోతే మోకాలితో వేస్తామా చిన్నమ్మగారూ?" అంది బ్యాటరీ అక్క. హాలంతా నవ్వింది.

చిన్నమ్మగారు నవ్వలేదు. లేచి వచ్చింది. పద్ధతి ప్రకారం నెగ్గినదాని తొడుగు ముందు తీయాలి. మూడో ఫోను చేతిలోకి తీసుకుని, నల్లగుడ్డ మెల్లగా లాగి, వెనక్కి తిప్పి అందరికీ చూపించింది.

పిట్ట లేదు. అద్దంలా నిగనిగలాడే వీపు మీద అద్దాల కంపెనీ గుర్తు.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఎవరో వెనక నుంచి "తొడుగు మారిపోయి ఉంటుంది" అన్నారు. తొడుగులన్నీ ఒకటే, మారడానికేముంది? చిన్నమ్మగారు ఇంకేమీ మాట్లాడకుండా మొదటి ఫోను తొడుగు లాగింది. ఖాళీ గిన్నె ముందు, ఒంటరిగా, పిట్ట.

బొమ్మలాయనకి ఒక్కసారిగా చెవులు దిబ్బడేసినట్టయింది. ఎదురుగా గేటు తాత నోరు కదుపుతున్నాడు, మాట వినపడటం లేదు. కళ్ళల్లో నీళ్ళు తెప్పించిన ఆ ఫోటో మనదే. ఇల్లు కూల అని తిట్టుకున్న ఇల్లు తనదే. సంతలో తప్పిపోయిన బిడ్డ ఎదురుపడి చెయ్యి పట్టుకుంటే, ఎవరి పిల్లవే నువ్వు అని విదిలించుకుని వచ్చినట్టు ఉంది.

"బాబాయ్." చిన్నమ్మగారు గౌను వేసుకునే వయసునుంచీ అతన్ని అలాగే పిలుస్తుంది. "మీరు కూడానా?"

అతను మొదటి ఫోను వైపే చూస్తున్నాడు.

"మిగతావాళ్ళ సంగతి వదిలెయ్యండి. మీ కన్నుని నాన్న నమ్మాడు. నేనూ నమ్మాను. ఆ మొదటి ఫోటో చూసి కూడా మీ చెయ్యి దానివైపు వెళ్ళలేదా?"

"వెంట్రుక..." అన్నాడు బొమ్మలాయన. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "వెంట్రుక ఏమైందమ్మా?"

"ఏ వెంట్రుక?"

బ్యాటరీ అక్క వెనకనించి అతని చొక్కా పట్టుకుని గుంజింది. "గురూగారూ, ఊరుకోండి. జరిగిందేదో జరిగింది."

"మన ఫోనులో చెల్లి వెంట్రుక ఉండాలి కదా. ఎవరు తీశారు?"

చిన్నమ్మగారు అతని మొహంలోకి చూసింది. "నేనే తీయించాను బాబాయ్. పాత పాఠం మొత్తం చెరిపేసి మొదటినించీ నేర్పించాను. ప్యాకింగువాళ్ళు, డ్రైవర్లు, ఊడ్చేవాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఎవరు దొరికితే వాళ్ళని కూర్చోబెట్టి, ఎందుకో వాళ్ళకీ చెప్పకుండా. మీరు సెలవులో ఉన్నప్పుడల్లా మీ గదిలోనే జరిగింది. మీకు చెబితే బాధపడతారని చెప్పలేదు. మీ చెల్లెలి మొహం చెరిపేస్తానంటే ఒప్పుకుంటారా మీరు?"

ఒప్పుకునేవాడు కాదు. అది ఆవిడకీ తెలుసు, అతనికీ తెలుసు. పైనున్నవాళ్ళంతా మనల్ని బాధపెట్టకూడదనే మన వెనకాల అన్ని పనులూ చేస్తారు. మన మేలు కోరి మన గొంతు కోస్తారు. ఆ గొంతులోంచి కృతజ్ఞత కూడా రావాలంటారు. ఇదంతా బొమ్మలాయన అనుకోగలడు. కానీ అనుకోలేకపోయాడు, ఎందుకంటే ఇవాళ కోసిన చెయ్యి తనది.

"బొమ్మ చూసి వెయ్యలేదమ్మా మేం" అన్నాడు.

"గురూగారూ!" అంది బ్యాటరీ అక్క.

"వెంట్రుక చూసి వేశాం. వెంట్రుక ఉన్నది మనదనుకున్నాం. అందరికీ నేనే నేర్పాను, ఎక్కడ చూడాలో. మొదటి ఫోటో చూసి నా ప్రాణం లేచొచ్చింది, అయినా మనది కాదనుకుని దాటిపోయాను."

చిన్నమ్మగారు బల్లకి చేతులు ఆనించి నిలబడింది. ఆవిడకి కోపం వస్తుందని అందరూ ఎదురుచూశారు. వస్తే బాగుండును. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూసి గేటు తాత తల దించుకున్నాడు.

"జనం మనల్ని మర్చిపోయారనీ, అద్దాల కంపెనీవాళ్ళ ముందు మనం నిలవలేమనీ ఇన్నాళ్ళూ ఏడ్చాను. నిలిచాం బాబాయ్. నిలిచే ఫోను చేశాం. దాన్ని చంపడానికి బయటివాళ్ళు అక్కర్లేదు, మనం చాలు. ఖాళీ గిన్నె! మా నాన్న రోజుల నుంచి ఎప్పుడైనా పిట్టకి ఖాళీ గిన్నె వచ్చిందా?"

"మళ్ళీ పెడదాం చిన్నమ్మగారూ" అన్నాడు గేటు తాత బతిమాలుతూ. "నన్ను మళ్ళీ కూర్చోబెట్టండి. ఈసారి నవ్వుతాను కూడా."

"పడ్డ గుండీ తీయకూడదు తాతా. ఇవాళ నెగ్గలేదని తీస్తే, రేపు నెగ్గినదాన్ని ఎవరు నమ్ముతారు? పైగా ఇప్పుడు ఏది మనదో అందరికీ తెలుసు." ఆవిడ పక్క గది తలుపు వైపు చూసింది. తలుపు అవతల ఛార్జర్లవాళ్ళు కప్పులు సాసర్లలో పెట్టిన చప్పుడు. "వాళ్ళని ఇంకా ఎంతసేపు కూర్చోబెడతాను?"

ఆవిడ రెండు అడుగులు వేసింది. అప్పుడు తట్టింది బొమ్మలాయనకి. చెంప మీద కొట్టిన దెబ్బ మంట ఇంకా తగ్గకముందే, వెనకనుంచి రెండోది పడ్డట్టు.

"ఆగండమ్మా."

ఆవిడ ఆగింది.

"మన ఫోనులో వెంట్రుక మీరు తీయించేశారు. సరే. మరి వాళ్ళ ఫోనులోకి నా చెల్లెలి వెంట్రుక ఎలా వచ్చింది?"

ఈసారి నిశ్శబ్దం వేరుగా ఉంది. ఇందాకటిది చావింటి నిశ్శబ్దం. ఇది, చావిట్లో పడుకోబెట్టిన శవం చెయ్యి కదిలితే వచ్చేది.

"దొంగలు!" అని అరిచాడు గేటు తాత. "దొంగముండావాళ్ళు! మన అలమరాలోంచి ఎత్తుకుపోయారు!"

హాలంతా లేచింది. అదే, అదే, అని గోల. చెల్లెలి ఫోటోలన్నీ ఉన్న ఇనప అలమరా బొమ్మలాయన గదిలో ఉంది, తాళం చెవి అతని మొలకి ఉంది. చిన్నమ్మగారు వెనక్కి తిరిగి వచ్చింది. ఆవిడ మొహంలోకి రక్తం వచ్చింది.

"అది మన పాఠమేనని రుజువు చెయ్యగలరా బాబాయ్? మన అలమరాలో ఉన్న ఫోటోలే అందులో ఉన్నాయని?"

"చెయ్యగలను."

"మీరు ఆ మాట ఒక్కటి ఇవ్వండి, ఆ గదిలోవాళ్ళని ఇప్పుడే పంపించేస్తాను. దొంగసొత్తుకి పడిన గుండీలు గుండీలే కావు, మా నాన్న ఉన్నా ఇదే అనేవాడు. కోర్టుకి వెళ్దాం. వాళ్ళు మన మొహం దొంగిలించి అమ్ముతున్నారని తెలిస్తే జనం మళ్ళీ పిట్టవైపు తిరిగి చూస్తారు."

"ఓడిపోయాక దొంగ దొంగ అంటే ఎవరు నమ్ముతారు చిన్నమ్మగారూ?" అంది బ్యాటరీ అక్క. "నవ్వుతారు. వదిలెయ్యండి గురూగారూ, ఇప్పటికే చేసింది చాలు."

బొమ్మలాయన వినిపించుకోలేదు. అద్దాల కంపెనీ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. దాని వీపు చల్లగా, జారుడుగా ఉంది. గేటు తాతని మళ్ళీ స్టూలు మీద కూర్చోబెట్టాడు. తాత, మాట ఇచ్చినట్టే, నవ్వాడు. పళ్ళు లేని నవ్వు. ఫోటో తీసి, రెండు వేళ్ళతో పెద్దది చేశాడు. ఎడమ చెవి, ముంగురు. అదే వంపు, అదే కొస. చిన్నప్పుడు ఆ ముంగురు పట్టుకుని లాగి, అమ్మ చేత దెబ్బలు తిన్న చెయ్యి అతనిది. దాన్ని పోల్చుకోలేడా?

"ఇదేనమ్మా. ప్రమాణం చేసి చెబుతాను..."

చెప్పబోతూ, ఫోటోని ఇంకాస్త పక్కకి జరిపాడు. చెవి దగ్గరనుంచి ముక్కు దాకా వచ్చి, వేలు ఆగిపోయింది.

తాత ముక్కు దూలం మీద, రెండు కళ్ళ మధ్యన, సన్నటి గీత.

తెర మీద మరకేమోనని చొక్కా అంచుతో తుడిచాడు. పోలేదు. తాత మొహం వైపు చూశాడు. తాత ముక్కు శుభ్రంగా ఉంది. ఆయన జన్మలో కళ్ళజోడు పెట్టలేదు.

"అక్కా, నువ్వొకసారి కూర్చో."

"నేనెందుకు?" అంది బ్యాటరీ అక్క. అందరూ తోస్తే వెళ్ళి కూర్చుంది. ఫోటో తీశాడు. ముక్కు దూలం మీద అదే గీత. కంటి కింద, చెంప ఎముక దగ్గర, గాజు అంచు నీడలాంటి చిన్న వంకర. ఆవిడకీ కళ్ళజోడు లేదు.

పొద్దుటినుంచీ హాల్లో అందరూ చెవినే చూశారు. ముక్కు చూసినవాళ్ళు ఒక్కళ్ళూ లేరు.

అతని మొల దగ్గర తాళం చెవి ఒక్కసారిగా బరువెక్కింది. ఆ అలమరాలో వేల ఫోటోలున్నాయి. నవ్వేవి, నవ్వనివి, అటు తిరిగినవి, ఇటు తిరిగినవి. ఏ ఒక్కదాంట్లోనూ చెల్లెలికి కళ్ళజోడు లేదు. అప్పటికి రాలేదు. వచ్చింది ఈమధ్యే.

అలమరా పగలలేదు. ఎవరూ ఏమీ ఎత్తుకుపోలేదు. ఎవరి మొహం వాళ్ళదే, ఎక్కడ కావాలంటే అక్కడికి తీసుకెళ్ళి కూర్చోవచ్చు. దానికి ఏ కోర్టూ లేదు.

"బాబాయ్?" చిన్నమ్మగారి గొంతులో ఆశ ఇంకా ఉంది. ఆ ఆశ వినడమే కష్టంగా ఉంది. "ఏం కనపడింది? అలమరాలోవేనా? చెప్పండి, తలుపు తీసి వాళ్ళని పంపించెయ్యమంటారా?"

ఇటు ఒక్క అవును చాలు. పిట్ట బతుకుతుంది, కనీసం కొన్నాళ్ళు. తన గది బతుకుతుంది. ఎప్పుడో కోర్టులో ఎవరో ముక్కు మీది గీత చూసేదాకా. అటు నిజం చెబితే, ఇంతమందిలో, ఇన్ని కళ్ళ ముందు, తన తోడబుట్టినదాన్ని చేత్తో చూపించాలి.

బొమ్మలాయన తల ఎత్తాడు. బల్ల చివర మోడలమ్మ గుండీల డబ్బాని గుండెకి అదుముకుని నిలబడి ఉంది. అన్నయ్య తన వైపే చూస్తున్నాడని గ్రహించి, మెల్లగా కళ్ళజోడు తీసేసింది. తీసినచోట ముక్కు మీద ఎర్రటి గుర్తు.

"చెప్పెయ్ అన్నయ్యా" అంది. "నువ్వు అబద్ధం చెబితే నీ మీసం వణుకుతుంది, అందరికీ తెలిసిపోతుంది. నేనే వెళ్ళాను. వాళ్ళ స్టూలు మీద కూర్చున్నాను."

హాలంతా ఒక్కసారి ఆవిడ వైపు తిరిగింది. గేటు తాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చిన్నమ్మగారు దగ్గరున్న కుర్చీ కోసం తడుముకుంది.

"ఎందుకే?" అన్నాడు బొమ్మలాయన. అది అరుపు కాదు, అడగడం కూడా కాదు. దెబ్బ తగిలిన చోట చెయ్యి వేసుకున్నట్టు. "ఎందుకే నువ్వు..."

"ఎందుకో తర్వాత అడుగు. ముందు నన్ను రోడ్డు దాటించి అక్కడికి తీసుకెళ్ళింది ఎవరో అడుగు. వెంట్రుక చూసి గుండీ వెయ్యమని నీకు చెప్పింది ఎవరో కూడా గుర్తు తెచ్చుకో."

అందరూ మోడలమ్మనే చూస్తున్నారు. ఫోటోకని స్టూలు మీద కూర్చున్న బ్యాటరీ అక్క ఒక్కతే తలుపు వైపు చూస్తోంది.